మందు కొట్టని మడి

శంషాబాద్

అన్నయ్యకు నమస్కారాలు. మేమంతా కులాసాగానే ఉన్నాం.

నా మాట నమ్మి, మా పక్కింటి రైతు యాదగిరి ఈసారి వరికి పురుగుమందు కొట్టలేదు. చుట్టూ అందరూ కొట్టడంతో పైరు రసం పీల్చే సుడిదోమంతా వీళ్ళ మడిలోకే చేరింది. "మా దోమకు మంచి దావత్ ఇస్తున్నవ్ యాదన్నా" అని పక్క మళ్ళ రైతులు గట్టు మీద నవ్వుతున్నారు. యాదగిరి వాళ్ళ ఏడాది తిండి ఆ మడే. "నువ్వే చెప్పక్కా, ఇగ కొట్టాల్నా, వద్దా?" అని అతని భార్య ఈరమ్మ అడిగింది. వేపకషాయం చాలన్నది నేనే కదా, అన్నయ్యను అడిగి చెబుతానన్నాను.

నువ్వు మందులు మానేసిన ఏడాది దోమను ఎలా ఆపావో వెంటనే రాయి. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేనకోడలు చిన్మయి పరీక్షలు ఎలా రాసింది?

నీ జవాబు వచ్చేదాకా ఆగుతానన్నాడు యాదగిరి. దోమ ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

పిల్లలకు నా దీవెనలు.

చెల్లెలు
జ్ఞానప్రసూన