లైన్ మీద అందరు అడిగిండ్రు

ఆదివారం, పొద్దుగాల

అన్నకు తమ్ముడు సదానందం దండం పెట్టి రాసేది. నేనిక్కడ మంచిగనే ఉన్న. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు అందరు సల్లంగున్నరని తలుస్తాన. నీ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని గంటలకు గంటలు కూసోవద్దని దవాఖానల చెప్పిండ్రు. నువ్వు వినవు, నాకెరుకే. జర వదినతోని నూనె కాపించుకొని రాసుకో.

ఇదివరకు రాసిన ఉత్తరాలకు నీ జవాబు రాలె. వదిన చిన్నదానితోని రాయించిన కార్డు ఒక్కటి వచ్చింది, అందుల నీ ముచ్చటే లేదు. నా మీద కోపం ఇంక పోలేదని సమజైంది. నేను బయలెల్లిన నాడు స్టేషన్ దాక గూడ రాకపోతివి. గడపల నిలవడి, "సిగ్నల్ అంటే ఏందో తెల్వదు, బండ్లు నడిపిస్తవారా? మంది పానాలు నీకు ఆటనా?" అన్నవు. అన్నా, ఆ మాట ఇయ్యాల్టికి చెవులల్ల మోగుతాంది. కోపంతోని అన్నవని నేననుకోను, భయంతోని అన్నవు. ఆ భయం నాకు లేదనుకున్నవా?

ఈ ఊరు బల్లార్షా దాటినంక జర దూరం. అంత మరాఠీ మాటనే. చలి అంటే చలి కాదు, బండల మీద కాలు పెడితే జివ్వుమంటది. ఆఫీసు ఎనుక ఒక్క అర్ర కిరాయికి తీసుకున్న. హోటల్ల రొట్టెలు, పప్పు. పప్పుల బెల్లమేస్తరే, ఏం చెప్పాలె. తొక్కు డబ్బ మొన్ననే అయిపోయింది. ఖాళీ డబ్బను గూడ పారేయలె, మూత తీసి వాసన చూస్తాన. నవ్వకు.

నా పని ఏందో నీకు ఎన్నడు సరిగ చెప్పలె, చెప్పేదాక నువ్వు కూసుంటివా? నేను రైలు నడిపించ, జెండా ఊప. కంట్రోల్ అనేటి ఒక అర్రల బల్ల ముంగట కూసొని చెవులకు ఫోను తగిలించుకుంట. లైన్ పొడుగుత ఉన్న స్టేషన్లన్ని ఆ ఒక్క ఫోన్ల ఉంటయ్. ఒకలు మాట్లాడితే అందరికి ఇనవడ్తది. ఏ బండి ఎక్కడున్నదో వాళ్లు చెప్తరు, దేన్ని ఆపాలె, దేన్ని ఇడవాలె నేను చెప్పాలె. సిగ్నల్ గుంజేది వాళ్లే. మిగిలినోళ్లందరు ఏండ్లకేండ్లు స్టేషన్లల్ల సిగ్నళ్లు గుంజి, తలలు నెరిసినంక ఈ కుర్చీలకొచ్చినోళ్లు. నేనొక్కన్నే డిగ్రీ చదివి, ట్రైనింగ్ చేసి నేరుగ వచ్చినోన్ని. అందుకే ఎవలు కలవరు. చాయ్‌కి పోతే నన్ను ఇడిసిపెట్టి పోతాండ్రు.

నన్నెట్ల తీసుకున్నరో చెప్త, ఇను. ఇంటర్వ్యూల పెద్ద సాబు, "నువ్వు సిగ్నల్ మీద చెయ్యి గూడ పెట్టినోనివి కాదు. ఒకటే లైను, ఎదురుబదురు రెండు బండ్లు వస్తాన్నయ్, ఏం జేస్తవ్?" అని అడిగిండు. ఇగ దాపరికమెందుకని ఉన్నదే చెప్పిన. మా ఇంట్ల మగ్గం ఒకటే, అన్నదమ్ములం ఇద్దరం, ఎవలకు తొందరుంటే వాళ్లు ముందుగాల కూసుంటరు, ఆగెటోనికి ముందే చెప్తే కొట్లాట రాదు, ఇది మా అన్న పెట్టిన కాయిదా అన్న. సాబు నవ్విండు. పక్కాయన ఏందో రాసుకున్నడు. నౌకరి వచ్చింది. నీ పేరు చెప్పుకొని వచ్చిన నౌకరి అన్నా ఇది, నువ్వేమో దాన్నే తిడితివి.

ఇక్కడ మొదట్ల నేను చేసిన పిస పని గూడ చెప్త. మన ఊళ్లె కొత్తవాడల ఎవలు ఎదురైనా మొదలు ఏమంటం? తిన్నవా అంటం, అటెన్క ముచ్చట. నాకు వేరే తెల్వదు గద. స్టేషన్ పలకంగనే మన ఉర్దూల "ఖానా ఖాయే క్యా" అని అడిగి, అటెన్క బండి సంగతి అడుగుతాంటి. కొందరు నవ్విండ్రు, కొందరు గులిగిండ్రు. ఒకాయన తిన్న అని ఊకోక ఏం కూరనో, అండ్ల ఏమేమి ఏసిండ్రో గూడ చెప్పుకుంట కూసున్నడు. ఆ వంకాయ ముచ్చట ఒడిసేసరికి ఎక్స్‌ప్రెస్ బండి వచ్చి సిగ్నల్ బయట నిలవడి కూతలు పెడుతాంది.

మా పెద్ద కంట్రోలర్ వచ్చి నా చేతులనుంచి ఫోన్ గుంజుకున్నడు. లైన్ మీద అందరు ఇంటాంటెనే, ఇది రైల్వేనా నీ అత్తగారిల్లా అన్నడు. సిగ్నల్ తెల్వనోన్ని తెచ్చి కూసోవెడితే గిట్లనే ఉంటదన్నడు. నెలాఖరుకల్ల ఒంటిగ పని చెయ్యకపోతే కుర్చీల నుంచి లేపుతనని చెప్పిండు. ఆ నాటిసంది నేను ఎవలను తిన్నవా అని అడగలె. బండి నంబరు, టైము, గంతే. వాళ్లు గూడ గంతే. అన్నా, దినమంత చెవులల్ల మనుషులే, ఫోన్ తీస్తే ఒక్కలు లేరు. ఎవని మొఖం ఎట్లుంటదో తెల్వదు. అర్రకొచ్చి తాళం తీసుకుంట నాతో నేనే మాట్లాడుకుంటాన.

మొన్న శుక్రవారం నన్ను ఒంటిగ కూసోవెట్టిండ్రు. పెద్ద కంట్రోలర్ ఎనుక కుర్చేసుకొని కూసున్నడు. పగటీలి బువ్వ యాళ్ల దాక మంచిగనే నడిచింది. అటెన్క ఒక బొగ్గింజన్ గూడ్సు నీళ్లు లేక కుంటుకుంట వస్తాంది, ఎదురుంగ ప్యాసింజరు మందితోని కిటకిటలాడుకుంట వస్తాంది. రెండు కలిసేది అడివి పక్క చిన్న స్టేషన్ల. అక్కడ ఉండేది ఒక పెద్దాయన, ఎంబడి జెండా ఊపే పిలగాడు ఒకడు, పెద్దాయన ఎప్పుడు దగ్గుతనే ఉంటడు. ఆ స్టేషన్ రెండు బండ్లను ఒక్కపారే లోపలికి తీసుకుంటదా? పుస్తకంల చదివిన, గాని ఆ గడియకు బుర్రల అంత కలెగలుపైంది. నువ్వు గడపల నిలవడి అన్న మాటనే యాదికొచ్చింది. తప్పు చెప్తే మంది పానాలు. అడిగితే నా నౌకరి. నౌకరి పోతే పోనియ్ అనుకున్న.

"పెద్దయ్యా, నాకు సిగ్నల్ పని తెల్వదు. రెండిటిని ఒక్కపారే తీసుకోవచ్చునా? మీరే చెప్పాలె" అన్న, హిందీల. లైన్ మీద అందరు ఇన్నరు. నా ఎనుక కుర్చీ కిర్రుమన్నది.

పెద్దాయన దగ్గిండు. అటెన్క మెల్లగ, "కంట్రోల్, ఖానా ఖాయే క్యా?" అన్నడు.

తినలేదని చెప్పిన.

ఒక్కపారే వద్దు, ముందుగాల ప్యాసింజర్‌ను తీసుకుంట, గూడ్సును బయట ఆపుత, ఎందుకు ఆగిందో డ్రైవర్‌కు మనిషిని పంపి చెప్పిస్త, మీరు ఫికర్ చెయ్యకుర్రి అన్నడు. అన్నట్టే చేసిండు. రెండు బండ్లు సల్లంగ దాటినయ్. ఇగ చూడు, పక్క స్టేషన్ పలికింది, ఖానా ఖాయే క్యా అని. దాని పక్కది. దాని పక్కది. ఆ వంకాయ కూరాయన గూడ అడిగిండు. ఇన్ని దినాలు నన్ను చూసి నవ్వుతాండ్రనుకున్న, కాదు, నేను అడుగుడు బందు వెడితే వాళ్లకు గూడ ఎలితయిందట, ఏదో పోయినట్టున్నదట. పెద్ద కంట్రోలర్ లేసి వచ్చిండు, ఇగ నా పని అయిపోయిందనుకున్న. "తెల్వనిది అడిగినవ్ గద, చాలు. రేపటిసంది ఒంటిగ కూసో" అన్నడు. పోయెటోడు మళ్ల ఎనుకకు వచ్చి, తిన్నవా అని అడుగుడు బండ్లు లేనప్పుడు పెట్టుకోమన్నడు.

గట్ల నౌకరి నిలవడ్డది అన్నా. మంది పానాలకు ఏం గాలె, నా మీద నమ్మకముంచు. గాని షిఫ్టు దిగి అర్రకు వస్తే మళ్ల అదే తాళం, అవే నాలుగు గోడలు. ఈ సంగతి ఎవలకు చెప్పుకోవాలె? అందుకే నీకు రాస్తాన.

మన దిక్కు వచ్చేటోళ్లు దొరికితే పిల్లలకు ఇక్కడి సంత్ర పండ్లు పంపుత. వీలైతే నువ్వు నేసిన చిన్న జంపఖానా ఒకటి, తొక్కు డబ్బ ఒకటి పార్సిల్ చెయ్యి, కింద బండలు సల్లగున్నయ్. వదినకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. చిన్నదాన్ని అక్షరాలు జర పెద్దగ రాయమను.

నువ్వు పెద్ద ఉత్తరం రాయకు, నీకు ఓపికుండదు. మొఖం జూడని మంది అడిగిండ్రు, నువ్వే అడగలె. కార్డు మీద "తిన్నవా తమ్మీ" అని రాసి పంపు, చాలు.

నీ దీవెన కోరుకుంట,
తమ్ముడు సదానందం

నువ్వు అడగకముందే చెప్తాన, పొద్దున తిన్న.