పద్నాలుగో నంబరు సూపు

దువార్నెనే,
9 అక్టోబరు 1997

నాయనా గుల్వెన్,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ నాన్న మోకాలు ఒక్కటే ఎవరి మాటా వినడం లేదు. అక్కడ నువ్వు, కోడలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చించేశాను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర. భోజనాలకొచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, రాత్రి భోజనాల వాళ్ళకి ఇంకా టైముంది. కిటికీ పక్కన రెండో టేబుల్ దగ్గర కూర్చుని రాస్తున్నాను. పొద్దున్నుంచి పొగమంచు. రేవు లేదు, పడవల్లేవు, ఎదురుగా ఉన్న చేపల డబ్బాల ఫ్యాక్టరీ గోడా లేదు. ఎక్కడో తెరచాప తాడు కొయ్యకి తగిలి టిక్కు టిక్కుమంటోంది, అంతే. వంటగదిలో ఎముకల రసం సన్నటి సెగ మీద మరుగుతోంది. ఈ వేళ నాకెప్పుడూ సగం నిద్ర, సగం మెలకువ. ఇన్నేళ్ళూ నేను బతికింది ఈ గంటన్నరలోనేననీ, మిగతాదంతా వండడం, అరవడమేననీ ఒక్కోసారి అనిపిస్తుంది.

నీ ప్రశ్నలకి వరసగా జవాబు చెప్తాను, లేకపోతే "అమ్మ మళ్ళీ దాటేసింది" అంటావు.

మీ నాన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. వైన్ సీసాల కోసం నేలమాళిగలోకి దిగుతూనే ఉన్నాడు ఈయన. "ఎక్కొద్దన్నాడు గానీ దిగొద్దన్లేదుగా" అంటాడు. దిగినవాడు పైకెలా వస్తాడని అడిగితే, సీసా తుడుస్తూ ఈల వేస్తాడు.

కత్తులు కొత్తవి కొనకు. ఉన్నవాటినే సానపట్టించుకో. కొత్త వంటగది, కొత్త పొయ్యి, కొత్త భాగస్వామి. చేతిలో కత్తైనా పాతదుండాలి.

ఇక పాఠాల సంగతి. రెస్టారెంటు తెరిచే ఏడాదే వంట స్కూల్లో వారానికి రెండు రోజులు చెప్పమంటున్నారు, నెత్తికెత్తుకోవాలా వద్దా అన్నావు. ఎత్తుకో. నేను పద్నాలుగో ఏట రేవు హోటల్లో బంగాళాదుంపల చెక్కు తీయడంతో మొదలెట్టాను. పదకొండేళ్ళకి గానీ నన్ను సాసుల గిన్నె దగ్గరికి రానివ్వలేదు. తర్వాత అప్పో సప్పో చేసి మన ఇరవై రెండు కుర్చీల హోటలు పెట్టుకున్నాం. వంట స్కూలువాళ్ళు పిలిచేనాటికి నాకు ముప్ఫై ఒకటి. నల్లబల్ల ముందు నుంచుంటే ఏం రాయాలో తోచక మొదటి రోజు ఉల్లిపాయ బొమ్మ గీశాను. అది బేరిపండనుకున్నారు పిల్లలు. కానీ నిజం చెప్తున్నాను, నాకు వంట వచ్చింది చెప్పడం మొదలెట్టాకే. "ఉల్లిపాయ మెత్తబడేదాకా ఉప్పెందుకు వెయ్యకూడదు, షెఫ్?" అని పదిహేడేళ్ళ పిల్ల అడిగితే, "అంతే, మాకలాగే నేర్పారు" అనలేం. ఇంటికొచ్చి వండి చూడాలి. చూస్తే ఒక్కోసారి ఆ పిల్లే రైటు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. వంటవాడి చేతిలో గరిటె ఉంటుంది. మాస్టారి చేతిలో ఎర్ర పెన్సిలుంటుంది. గరిటె తప్పు చేస్తే పారబోసి మళ్ళీ వండుకోవచ్చు.

ఇక నీ చివరి ప్రశ్న. నీ మెనూ మొదటి పేజీలో 'కొరంతీన్ అమ్మమ్మ సూపు' అని వేసి, కింద అరపేజీ కథ రాద్దామని నీ భాగస్వామి అంటున్నాడన్నావు. మీ లియోన్ ఊరివాళ్ళకి అమ్మల వంటంటే ప్రాణమట, అమ్మమ్మదైతే మరీనట. ఇరవయ్యో తారీకుకల్లా ప్రింటుకివ్వాలి, కథ నువ్వే రాసి పంపమ్మా అన్నావు. నీకు గుర్తున్నదీ రాశావు. అమ్మమ్మ నల్ల ఏప్రన్ కట్టుకుని, నల్లగోధుమ పిండిని ఉప్పు వెన్నలో వేయిస్తూ, నిన్ను స్టూలెక్కించి "వాసన చూడరా" అనేదన్నావు.

ఆ ముక్క చదివి చేతిలో ఉన్న చేపని అలాగే బల్ల మీద వదిలేశాను.

నాయనా, అది అమ్మమ్మ కాదు, నేను. నీకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మమ్మ పోయేనాటికి నీకు మూడేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. ఆ సూపు ఆవిడ ఎన్నడూ వండలేదు, కనీసం తినలేదు. వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పే కథ టేబుళ్ళ కింద ఆడుకుంటూ విన్నావు. విని విని, నా అబద్ధం నీకు జ్ఞాపకమైపోయింది. నిన్నెలా మోసం చేశానో నాకు ఆ క్షణం దాకా తెలీదు. సిగ్గేసింది.

అప్పట్నుంచీ మధ్యాహ్నం కునుకులో ఒకటే కల. పొడుగాటి వంటగది, చివరెక్కడుందో కనపడదు. తెల్లకోట్ల మీద నంబర్లు. ముఖాలున్న చోట ఆవిరి. అందరూ ప్లేట్లు పట్టుకుని నా వైపు వస్తుంటారు, ఒక్కరూ నా దాకా రారు. వేగిన నల్లగోధుమ వాసన మాత్రం వస్తుంది. లేచాక కూడా కాసేపు అలాగే ఉంటుంది.

అబద్ధమని ఒప్పుకున్నాక మిగిలింది దాచి ఏం లాభం? చెప్తాను.

1978 జూన్‌లో వంటవాళ్ళ సర్టిఫికెట్ పరీక్షకి నన్ను జ్యూరీలో వేశారు. ఐదుగురం. నలుగురు మగవాళ్ళు, నేను. పరీక్షకొచ్చినవాళ్ళ పేర్లు మాకు చెప్పరు, కోటుకి నంబరు గుచ్చుకుని ఉంటారు. అందరికీ ఒకటే చీటీ. ఆ ఏడు పడవలవాళ్ళ చేపల సూపు వచ్చింది. మూడు రకాల చేపలు, బంగాళాదుంప, ఉల్లిపాయ, పక్కన కాల్చిన రొట్టె ముక్కలు. చీటీలో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి. పద్నాలుగో నంబరు పిల్ల రొట్టె కాల్చలేదు. నల్లగోధుమ పిండిని ఉప్పు వెన్నలో అక్రోటు రంగొచ్చేదాకా వేయించి, ఉండలుండలుగా సూపు మీద చల్లి తెచ్చింది. ఆ వాసనకి గదిలో మాటలాగిపోయాయి.

జ్యూరీ పెద్ద లెగెర్న్ గారు కళ్ళజోడు పైకి తోసి, "ఇది చీటీలో ఉందా?" అన్నాడు.

"లేదండీ. సూపు అడిగినట్టనిపించింది."

"అనిపించడానికి ఇది కవిత్వం పరీక్ష కాదమ్మా."

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మార్కులు వేసుకున్నాం. కవిత్వమని వెక్కిరించిన లెగెర్న్ గారే పదకొండు వేశాడు. తక్కిన ముగ్గురూ పదకొండో పన్నెండో వేశారు. నేను ఇరవైకి నాలుగు వేశాను. ఆడది కదా, మెతగ్గా ఉంటుందనుకుంటారేమోనని నా భయం. చీటీ ప్రకారం లేదు, కాబట్టి నాలుగు. మొత్తం నూటికి నలభై తొమ్మిదొచ్చాయి. యాభై కావాలి. ఆ పిల్ల ఒక్క మార్కులో తప్పింది. మర్నాడు గోడ మీద జాబితాలో నంబరు పక్కన పేరు చూశాను. మారివోన్ కెర్లో.

ఆ అక్టోబరులో మనం ఈగలు తోలుకుంటున్నాం. ఒక ఆదివారం ఏం చెయ్యాలో తోచక ఆ సూపు వండాను. తిన్నవాళ్ళు మళ్ళీ వచ్చారు, ఇంకొకరిని వెంటపెట్టుకొచ్చారు. నెల తిరక్కుండా పేపరాయన వచ్చి, "ఇదెవరి చేతివంటండీ?" అన్నాడు. "మా అమ్మది" అంది నా నోరు. ఆలోచించి అనలేదు. అందరూ అదే అంటారు కదా! ఆ ఒక్క మాట మీద మన వంటగది కట్టుకున్నాం, నీ చదువైంది, వంట స్కూల్లో నన్ను పెద్ద మాస్టారిని చేశారు.

సోమవారం మన సెలవు కదా, బస్సెక్కి పక్కూరు పోంక్రువా వెళ్ళాను. మారివోన్ అక్కడి బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుందని నాకెప్పుడో తెలుసు. ఆ బస్సు మన సందు చివర్నే ఆగుతుంది. ఇన్నేళ్ళూ ఎక్కలేదు. దారంతా పొగమంచే. చెట్లు దగ్గరికొచ్చి చూసి వెనక్కి పోతున్నట్టుండేవి. ఎక్కడ దిగాలో కూడా డ్రైవరే చెప్పాడు.

పిల్లలు తినేసి ఆటకి పోయారు. మారివోన్ నీలం ఏప్రన్ కట్టుకుని బల్లలు తుడుస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"కూర్చోండి మేడమ్. కుర్చీలు చిన్నవే, ఏమనుకోకండి. ఇక్కడ పెద్దవాళ్ళెవరూ తినరు."

మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని మొత్తం చెప్పాను. తుడవడం ఆపకుండా విన్నది.

"మీ దగ్గర తిన్నాను నేను. మా పెళ్ళైన వారానికి," అంది చివరికి. "మొదటి చెంచాకే ఏడుపొచ్చేసింది. మా ఆయన ముల్లు గుచ్చుకుందనుకుని రొట్టె మింగు, రొట్టె మింగు అని ఒకటే గోల. సంతోషం మేడమ్ అది. నాది బాగానే ఉందన్నమాట అనుకున్నా. అప్పుడు గోడ మీది మెనూ పలక చూశా. ఎవరీ కొరంతీన్ అంటే మీవారు మీ అమ్మగారి కథంతా చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే, నేనూ నమ్మేశా. చిన్నప్పుడెక్కడో విని ఉంటాను, నాది కాదేమో అనుకున్నా. మళ్ళీ పరీక్షకి కూర్చోలేదు."

గుడ్డ పిండి పక్క బల్ల అందుకుంది. మళ్ళీ తనే అంది.

"ఒక్కటి చెప్పండి. ఆ రోజు ప్లేట్లు మేమే కడుక్కున్నాం. జ్యూరీ వాళ్ళు చెంచాడు రుచి చూసి పక్కన పెడతారు కదా. నాదొక్కటి రొట్టెతో తుడిచినట్టు వచ్చింది, మెరిసిపోతూ. ఆ ప్లేటు తలుచుకునే నేను వంట మానలేదు. మీ ఐదుగురిలో తిన్నదెవరు?"

"నేనే."

గుడ్డ అక్కడే ఆగిపోయింది. "తిన్నదీ మీరే, నాలుగు వేసిందీ మీరే."

"అవును."

తలెత్తి నన్ను చూసింది. కోపమైతే ఓర్చుకునేదాన్ని. తెలిసినావిడ ముసలిదైపోతే చూస్తామే, అలా చూసింది. నేను ఏడ్చాను. తను ఏడవలేదు.

"ఇవాళ క్షమించమని మాత్రం అడక్కండి," అంది. "నాలుగింటికి బస్సుంది, తప్పిపోతే ఇంక రేపే. మీ అబ్బాయికి ఆ సూపు కావాలంటే నన్ను అడగమనండి. మీరు కాదు, ఆయన. ఏం చెప్తానో నాకూ తెలీదు."

మంగళవారం నుంచి ఆ సూపు వండటం లేదు. పలక మీద ఆ వరస తుడిచేశాను. మన దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది దానికోసమే వస్తారని నీకు తెలుసు. నిన్న నోటరీ గారు టోపీ కూడా తియ్యకుండా, "ఏమ్మా, మా సూపేదీ?" అని నిలదీశాడు. "నాది కాదండీ. అసలావిడ ఒప్పుకుంటే పెడతాను," అన్నాను. అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పోయిన ఆ టోపీ మళ్ళీ రాకపోవచ్చు. రేపు శుక్రవారం వంట స్కూల్లో పిల్లలకి కూడా చెప్తాను. వాళ్ళకి చెప్పడమే అన్నిటికంటే కష్టం.

ఆవిడ అడ్రసు ఈ కాగితం వెనక రాశాను. ఉత్తరం నువ్వే రాయి. తియ్యటి మాటలొద్దు. అడుగు, అంతే. ఒప్పుకుంటే ఆవిడ పేరు వెయ్యి, ఆవిడకి రావలసింది ఇయ్యి. వద్దంటే మొదటి పేజీ ఖాళీగా ప్రింటు చేయించు. నీ భాగస్వామి గింజుకుంటే గింజుకోనీ. ఇది చదివి నా మీద నీకేం అనిపించినా రాయి, మొహమాటపడకు. నీ గౌరవం పోతుందని భయంగానే ఉంది. అయినా ఆ జ్ఞాపకాన్ని నీ దగ్గర అలాగే వదిలేయలేకపోయాను.

మీ నాన్నకి మొన్న రాత్రి భోజనం దగ్గర చెప్పాను. సూపు నా సొంతమనీ, అమ్మ పేరు బేరం కోసం పెట్టాననీ అనుకున్నాడట ఇన్నేళ్ళూ. "మీ అమ్మ పొయ్యి దగ్గరికెళ్ళేది సిగరెట్టు ముట్టించుకోడానికి కదే!" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి నా చెయ్యి పట్టుకు కూర్చున్నాడు.

నిజమే. మీ అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళు ఆ ఎదురు ఫ్యాక్టరీలో సార్డీన్ చేపలు డబ్బాల్లో పేర్చింది. ఇంటికొచ్చి రొట్టె కోసి, వెన్న రాసి, పైన ఒక చేప పెట్టి మా చేతికిచ్చేది. ఒకసారి ఫోర్‌మన్ లెక్క తప్పుగా వేసి ఆవిడకి ఎక్కువ కూలిచ్చాడు. అంత వానలోనూ నడుచుకుంటూ వెళ్ళి తిరిగిచ్చేసి వచ్చింది. ఆవిడకి వంట రాదు, అబద్ధమూ రాదు. రెండూ నేర్చుకున్నది నేను.

ఇట్లు,
నువ్వేం రాస్తావోనని కాచుకున్న
మీ అమ్మ,
ఆన్నాయిగ్