ఎవరి కార్డు వారే కొట్టవలెను

చిల్కానగర్,
ఆగస్టు 2006, ఆదివారం.

పద్మావతికి కొమురెల్లి రాసేది. ఇక్కడ నేను, తమ్ముడు పాండు వేళకు ఇంత తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వు, కడుపులో బిడ్డ, అత్త, మామ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోను చేయొచ్చు కదా అని రాశావు. మీ ఊళ్ళో ఫోను కిరాణా కొట్టులో ఉంది. నువ్వు మాట్లాడుతుంటే ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఆగి వింటారు. ఇవి అట్లా చెప్పే సంగతులు కావు. కూర్చుని చదువు. ఇప్పటికైతే ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను.

మరిది పనిలోకి పోతున్నాడా అని అడిగావు. పోవడం లేదు. కంపెనీలో భూషణం సారు ఇంకా సెలవు కిందనే రాస్తున్నాడు, ఎన్నాళ్ళు రాస్తాడో తెలియదు. పాండు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. లేపితే లేస్తాడు, పెడితే తింటాడు. నేను ఎదురుగా నిలబడితేనే మాత్ర మింగుతాడు. ఇది గాలీ ధూళీ కాదని అత్తకు చెప్పు. డాక్టరమ్మ దీన్ని డిప్రెషన్ అంటుంది. జ్వరం, కామెర్లు ఎట్లాగో ఇదీ అట్లాగే జబ్బు అంటుంది.

తాడు తీశావా అని అడిగావు. తీశాను. బట్టలు పిట్టగోడ మీద ఆరేస్తున్నాం. ఎలుకల మందు దొరకకుండా దాచాను. స్నానాల గది గడియ ఊడదీశాను. పగలు నేను లేనప్పుడు ఇంటి ఓనరు ఉప్పలమ్మ వాణ్ణి తన అరుగు మీద కూర్చోబెట్టుకుని చింతపండు గింజలు తీయిస్తుంది. "తిండికి వస్తవ్ గాని గింజ తీయవేందిరా, గట్ల జేస్తే నీకు పిల్లనెవరిస్తరు?" అని తిడుతూనే ఉంటుంది. వాడు తల ఎత్తడు. కానీ గింజలు తీస్తాడు.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే నాచారం కంపెనీ నుంచి సైకిలు మీద ఇంటికి వస్తున్నాను. మన సందు మలుపు తిరిగేటప్పుడు ముందు ఇంటి ముందర జనం ఉన్నారా అని చూస్తాను. లేకపోతే అప్పుడు ఊపిరి పీలుస్తాను. ఒకరోజు నిజంగానే జనం ఉన్నారు. సైకిలు అక్కడే పడేసి ఉరికాను. చూస్తే నీళ్ళ ట్యాంకరు వచ్చింది, బిందెల కాడ కొట్లాట. ఉప్పలమ్మ నన్ను చూసి, "ఏందిరా కొమురెల్లి, అట్ల ఉరుకుతున్నవ్? నీ ఇల్లు నేనేమన్న ఎత్తుకపోతనా?" అంది. నవ్వుదామనుకున్నాను. కానీ ముందు అరుగు మీద పాండు ఉన్నాడా అని చూశాను.

ఇక దవాఖానా సంగతి. డాక్టరమ్మ హిమజ ఈ జబ్బు ఉన్నవాళ్ళ రక్తం పరీక్ష చేయించి, వాళ్ళను ఏళ్ళ తరబడి చూస్తూ ఉండే పని ఒకటి చేస్తోంది. పాండును అందులో చేర్చుకుంది. రిపోర్టు వచ్చాక నన్ను ఒక్కడినే లోపలికి పిలిచింది.

"ఈ జబ్బు అనంగనే మీరంతా తాడు, పురుగుల మందు అనుకుంటరు. ఆ భయం నిజమే. కానీ ఈ జబ్బున్నోళ్ళు గుండె జబ్బుతోని, షుగరుతోని గూడ మిగతావాళ్ళకంటే ముందు పోతుంటరు. రక్తంల కొన్ని గుర్తులుంటయి. ఒంట్ల లోలోపల వాపు ఉన్నదని చెప్పే గుర్తు మీ తమ్మునికి బాగా ఎక్కువున్నది. షుగరు, కొవ్వు గూడ ఎక్కువే" అంది.

"బతుకుతడా మేడం?" అన్నాను.

"ఒక్క కాయితం చూసి మనిషి ఆయుష్షు ఎవరూ చెప్పలేరు. జ్వరమొచ్చినా ఆ గుర్తు పెరుగుతది. మళ్ళ చూడాలె. అట్లని ఊకుండేది మాత్రం కాదు" అని కొవ్వుకు, షుగరుకు మాత్రలు రాసింది.

పద్మా, నేను తాడు దాచాను, మందు దాచాను, గడియ ఊడదీశాను. రక్తాన్ని ఎక్కడ దాచాలి?

ఇక్కడిదాకా రాసి ఉత్తరం మడిచి పెట్టాను. మళ్ళీ విప్పి రాస్తున్నాను. నీ ఉత్తరంలో చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. 'అంతా మరిది ముచ్చటే రాస్తవ్, నీ ముచ్చట ఏది బావా' అని అడిగావు.

ఆ రక్తం పాండుది కాదు. నాది.

రక్తం తీసే గదిలో పాండురంగ అని పిలిచారు. వాడు బల్ల మీద నుంచి లేవలేదు. "నాకాడ రక్తమేడిదే అన్నా" అని తల దించుకున్నాడు. మళ్ళీ పిలిచారు. వెనక వరుసలో వాళ్ళు సణుగుతున్నారు. నేను లేచి చొక్కా చెయ్యి మడిచాను. కంపెనీ గేటు కాడ హాజరు కార్డు కొట్టే గడియారం కింద 'ఎవరి కార్డు వారే కొట్టవలెను' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దాని కిందనే నిలబడి ఒకరి కార్డు ఒకరం కొట్టుకునేవాళ్ళం. వాడు ఆలస్యమైతే నేను, నేను ఆలస్యమైతే వాడు. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. ఒక్క తల్లి బిడ్డలం, రక్తంలో తేడా ఏముంటుంది అనుకున్నాను.

డాక్టరమ్మ వాపు అంటుంటే అది నా ఒంట్లోదే అని తెలుసు. అయినా నోరు తెరవలేదు. మాత్రలు కొనుక్కుని ఇంటికి వచ్చాను. అవి పాండు ముందర పెట్టడానికి మనసు ఒప్పలేదు. నా రక్తానికి రాసిన మందు వాడి నోట్లో ఎట్లా వేస్తాను? నేను వేసుకుందామన్నా భయమేసింది. రెండు రోజులు అవి చొక్కా జేబులోనే ఉన్నాయి. మూడోరోజు వాడికి అంతా చెప్పాను.

వాడు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"నా కార్డు కొడితివి, సరే. ఇగ నా సావు గూడ నువ్వే తీస్కపోతవా?" అన్నాడు.

తర్వాత లేచి, ఎవరూ చెప్పకుండానే మొహం కడుక్కున్నాడు. "నడువ్. నా రక్తం నేనిస్త, నీది నువ్వియ్యి" అన్నాడు.

శుక్రవారం ఇద్దరం పోయి డాక్టరమ్మకు నిజం చెప్పాం. చాలా కోపం చేసింది. "ఆ మాత్రలు అతనికి ఏసుంటే ఎవరిది బాధ్యత?" అంది. తిట్టడం అయ్యాక నన్ను కూర్చోమని, పాండును మొదట అడిగిన ప్రశ్నలే నన్నూ అడిగింది. ఆకలవుతుందా, నిద్ర పడుతుందా, పని మీద మనసు నిలుస్తుందా అని. పాండు పక్కనే ఉన్నాడు, అబద్ధం చెప్పలేకపోయాను. ఎప్పటినుంచి అంది. వాడికి బాగాలేనప్పటినుంచి అన్నాను. "కాదు మేడం, అంతకుముందే" అన్నాడు పాండు. నాకంటే ముందు వాడు నన్ను చూశాడు.

చివరికి, "బిడ్డ పుడుతున్నందుకు సంతోషంగ లేదా?" అని అడిగింది. ఆ జవాబు నీకు చెబుతున్నాను. నాకు సంతోషం రావడం లేదు పద్మా. అది నీ తప్పు కాదు, బిడ్డ తప్పు అసలే కాదు. ఉయ్యాలకు చీర కట్టాలనుకున్నా, ఆ చీరను చూసి భయపడుతున్నాను. పాండు గురించి భయపడుతున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మామకు ఇవేవీ చెప్పకు. నొప్పులు రాకముందే ఒక మనిషిని పంపితే నేను వస్తాను. ఈ స్థితిలో నీకు ఇట్లాంటివి రాయవచ్చునా అని చాలా ఆలోచించాను. రేపు నాకేమైనా అయితే, నా రక్తం కాయితం పాండు పేరు మీదనే మిగులుతుంది. నిజం తెలిసిన మనిషి ఇంకొకరు ఉండాలి.

మంగళవారం మా ఇద్దరి రిపోర్టులూ వస్తాయి. ఆ గుర్తు పెరగడానికి నాకు జ్వరం లేదు, జలుబు లేదు, అందుకే భయంగా ఉంది. ఇంట్లోవాళ్ళకు నేను ఎట్లా కనబడుతున్నానో కనుక్కుని రమ్మంది డాక్టరమ్మ. నాకు ఇంట్లోవాళ్ళంటే నువ్వే. ఈ ఏడాదిగా నన్ను ఎట్లా చూశావో ఉన్నది ఉన్నట్టు రాయి. నేను బాధపడతానని ఏదీ దాచకు.

శుక్రవారం నాడు రక్తం తీసే గదిలో ముందు పాండు పోయాడు. వాడే చెయ్యి చాపాడు. దూది అదుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత కొమురెల్లి అని పిలిచారు. నేను లేవలేదు. మళ్ళీ పిలిచారు. ఎవరో రావాలన్నట్టు తలుపు వైపు చూస్తున్నాను.

పాండు మోచేత్తో పొడిచాడు. "నిన్నే అన్నా. లే" అన్నాడు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ,
నీ బావ
కొమురెల్లి