స్వాతి పడవ

సరోజినీ నగర్, నవంబర్ 1997, బుధవారం

చదువు మీద ధ్యాస నిలవని మా స్వాతికి ఇవాళే ఆస్పత్రిలో మొదటి ట్రైనింగ్. అలవాటు కొద్దీ పొద్దున్నే తలకి నూనె రాసి జడేశాను. నూనె తలకి మెదడు తీరు పట్టే వైర్లు అంటుకోవని డాక్టరమ్మ విసుక్కుంటూ తుడిచి అతికించింది. మెదడు కుదురుగా ఉంటే కంప్యూటర్లో పడవ కదులుతుందట, చెదిరితే ఆగిపోతుందట. అలా ఆడిస్తూనే మెదడుకి కుదురు నేర్పుతారట.

పడవ ఎంతకీ కదల్లేదు.

"సరిగ్గా చూడవే! మళ్ళీ దిక్కులు చూస్తున్నావ్!" అన్నాను.

"మమ్మీ, ఆప్ బాహర్ బైఠో నా," అంది స్వాతి, నా వైపు తిరక్కుండానే నన్ను బయట కూర్చోమంటూ.

చురుక్కుమంది. బయటికొచ్చి తలుపు సందులోంచి చూశాను. పడవ హాయిగా సాగిపోతోంది.

నూనె వల్లే కదల్లేదని ఈయనతో చెప్పాను. నమ్మారు.

రేపు సాయంత్రం దాని పక్కన కూర్చుని లెక్కలు చేయించాల్సింది నేనే.