ఎండకు పెట్టిన పుస్తకం

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నిజామాబాదు ఆసుపత్రి లైబ్రరీలో ట్రైనింగుకు చేరాను. ఇక్కడ కథల పుస్తకాలుండవు, అన్నీ డాక్టర్లు చదివేవే. వార్డుల నుంచి తిరిగి వచ్చినవాటిని అల్మారాలో సర్దేముందు వరండాలో ఎండకు తెరిచి పెట్టడం నా పని. మన మోర్తాడులో నువ్వు ఉడికిన పసుపు ఆరబోసినట్టే.

ఇవాళ ఒక లావుపాటి పుస్తకం చేతిలోంచి జారి నా కాలి మీద పడింది. నీకు చదువు రాదు గానీ, చక్కెర పొట్లం కాగితం కాలికి తగిలినా కండ్లకద్దుకోమనేవాడివి. ఆ అలవాటుతోనే దాన్ని ఎత్తి కళ్లదాకా తెచ్చాను. లైబ్రేరియన్ సారు కుర్చీలోంచి లేచారు.

"గా పుస్తకం టీబీ వార్డు నుంచి అచ్చింది బిడ్డా. ముఖానికి తాకియ్యకు. మొక్కాలంటే దూరం నుంచే మొక్కు."

పుస్తకాన్ని ఎండలో పెట్టి, వెనక్కి జరిగి దండం పెట్టాను.

నిరుడు నా కాలేజీ పరీక్షకు పోయేముందు అదే వార్డులో నీ కాళ్లు మొక్కబోతే దుప్పట్లోకి లాక్కున్నావు. "దూరం నుంచే మొక్కు బిడ్డా" అన్నావు. తలుపు దగ్గర నిలబడి మొక్కాను. అప్పటికే నువ్వు గోడవైపు తిరిగి దగ్గుతున్నావు.

సాయంత్రం ఎండ దిగాక పుస్తకాలు లోపలికి తెచ్చాం. ఇక ఎవరైనా ముట్టుకోవచ్చన్నారు సారు. నా కాలి మీద పడ్డదాన్ని రెండుసార్లు కళ్లకద్దుకుని అల్మారాలో పెట్టాను.

నీ బిడ్డ