నిమ్మాకు మీది పురుగులు

పాప వాళ్లమ్మకు,

ఇక్కడ నేనూ పాపా కులాసా. నువ్వు కూడా వేళకు తింటూ, డ్యూటీ లేని రోజైనా కంటినిండా నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. వంటింటి కుళాయి బాగు చేయించాను, ఇప్పుడు కారడం లేదు. కొట్టుకు రిపేరుకు గడియారాలు బాగానే వస్తున్నాయి. పాప జడలు నేనే వేస్తున్నాను. ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ పోతున్నాయని టీచరు నవ్విందట. నీ నర్సు శిక్షణ ముగియడానికి ఇంకా నాలుగు నెలలుంది కదా, అప్పటికి నాకూ చెయ్యి తిరుగుతుంది.

నిమ్మచెట్టు సంగతి అడిగావు. నువ్వు వెళ్లిన నెలకే లేతాకులన్నీ చిల్లులు పడి, కొన్నింటికి ఈనెలే మిగిలాయి. ఆకుల మీద నలుపూ తెలుపూ రెట్టలు కనిపిస్తే పిట్టల్ని తిట్టుకున్నాను. తీరా చూస్తే ఒక రెట్ట నడిచింది! కొన్నాళ్ల తర్వాత, వెనక వీధిలో మొక్కల నర్సరీ నడిపిన పెద్దాయనను తీసుకొచ్చి చూపించాను.

"ఇది గొంగళిపురుగు నాయనా. చిన్నప్పుడు ఇలా రెట్టలా ఉండి పిట్టల్ని ఏమారుస్తుంది. పెద్దయ్యాక పచ్చగా మారుతుంది. పుల్లతో తాకి చూడు" అన్నాడు.

తాకితే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి గుప్పున వాసన కొట్టింది. పాప పగలబడి నవ్వింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కొట్లోని భూతద్దం కంటికి పెట్టుకుని, లేతాకుల మీద ఆవగింజకన్నా చిన్నవైన పసుపు గుడ్లను పట్టకారుతో ఏరేస్తున్నాను. పురుగులైతే సబ్బునీళ్ల డబ్బాలోకే. చేతికందని కొమ్మలకు ఎండ తగ్గాక వేపనూనె కలిపిన నీళ్లు చల్లుతాను. ఆకుల మీద వంకరటింకర వెండి గీతలు వేరే పురుగువట. చెట్టు పెద్దదే కాబట్టి తట్టుకుంటుంది, వదిలెయ్యమన్నాడు పెద్దాయన. కొత్త చిగుళ్లు వస్తున్నాయి.

రెట్ట నడిచిన రోజుకూ పెద్దాయన వచ్చిన రోజుకూ మధ్య ఒక ఆదివారం ఉంది. దాని గురించి నీకు రాయలేదు. "పాపకు జ్వరమని రాశావు, ఎంత వచ్చిందో రాయలేదేం" అని నీ ఉత్తరంలో అడిగావు. జ్వరం రాలేదు. ఆ ఆదివారం నేను విసుగెత్తి, బొద్దింకల మందు తెచ్చి చెట్టంతా కొట్టేశాను. పాపకు లేత నిమ్మాకు నమిలే అలవాటుందని నాకు తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

కాసేపటికే వాంతులు, చెమటలు. నోటినుంచి చొంగ ఆగలేదు. ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాను.

"ఏం తింది?" అని డాక్టరమ్మ అడిగింది.

"తెలీదండీ" అన్నాను. అప్పటికి నాకు తెలుసు. దాని పళ్ల మధ్య పచ్చగా ఆకు కనబడుతూనే ఉంది. అయినా నా నోటికి ఆ మాటే వచ్చింది.

ఆవిడ పాపను అడిగింది. అది నా మొహంలోకి చూసి, "నేనేం తినలేదు" అంది. అంత బాధలోనూ నా మాట నిలబెట్టాలని చూసింది. ఇక నావల్ల కాలేదు. "మందు కొట్టిన ఆకు నమిలిందండీ. కొట్టింది నేనే" అన్నాను. ఆవిడ వెంటనే మందు డబ్బా తెమ్మంది. చూసి వైద్యం మొదలుపెట్టింది. రెండు రోజులు ఉంచుకుని పంపారు. వారం తర్వాత మళ్లీ చూపించాను. భయం లేదన్నారు. మామూలుగా తింటోంది, ఆడుకుంటోంది. ఒట్టు.

నిన్న బడినుంచి వస్తూ, "ఆస్పత్రి సంగతి అమ్మకు చెప్పకూడదా నాన్నా?" అని అడిగింది.

"చెప్పొద్దని నేను అనలేదే!"

"నువ్వు జ్వరమని రాశావుగా. మరి నేనేం రాయాలి?"

ఇంటికి రాగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు ఎంత కోపం వస్తే అంతా నాకు రాయి, దాచుకోకు. పాపకు మాత్రం విడిగా ఒక కాగితం పెట్టు. అమ్మకు అన్నీ చెప్పొచ్చని అందులో రాయి.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
పాప వాళ్ల నాన్న