పాప నడిచిన వైపు

అక్కా,

ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నువ్వడిగినట్టే పాప మొదటి అడుగుల వీడియోలోంచి బావను తీసేశాను. ఇల్లొదిలి పోయిన మనిషి మొహం పాప కంట పడకూడదన్నావు కదా, ఇక పడదు.

ఒకరు నేర్పిన పని కాదిది. ఫోన్లో పాఠాలు చూసి, సినిమా ఫైటర్ల నడుముకు కట్టిన తాళ్లు చెరిపి చెరిపి చెయ్యి తిరిగింది. మా గ్రాఫిక్స్ ఆఫీసులో దీన్ని పెయింట్ అంటారు. పేరుకే పెయింట్, చేసేదంతా చెరపడమే. బావ చేతులు చాచి కూర్చున్న చోట ఖాళీ గోడను తెచ్చి అతికించాను. మనిషి పోయాడు గానీ నేల మీద నీడ మిగిలింది. నీడ తీస్తే బీరువా అద్దంలో వీపు కనిపించింది. అదీ తీశాను. అయినా ఆ వీడియో ఆడుతుంటే నా వెనక ఎవరో కూర్చున్నట్టే ఉంటోంది. కుర్చీ గోడకు ఆనించి పనిచేస్తున్నాను, నవ్వకు.

నిన్న పాపను నా దగ్గర వదిలి బజారుకెళ్లావు చూడు, అప్పుడు చూసేసింది. తెర మీద తను కిలకిల నవ్వుతూ ఆ ఖాళీ గోడ వైపే నడుస్తోంది. మన గడుగ్గాయి తెరలోని ఆ గోడ మీద వేలు పెట్టి, "పిన్నీ, నేను ఎవరి దగ్గరికి వెళ్తున్నా?" అంది.

అమ్మనడుగమ్మా అన్నాను. ఇంకా అడగలేదంటే ఇవాళో రేపో అడుగుతుంది. బావ ఉన్న పాత వీడియో కూడా పంపుతున్నాను.

నీ చెల్లి